నలభై ముగ్గురు బెంజమిన్‌లు

విశాఖపట్నం,
4 జూన్ 2007.

మావయ్యకు, మీ మేనకోడలు నిస్సీ వందనాలు.

మీ ఇంటికి ఫోన్ చేస్తే కుయ్యిమని ఒకటే మోత. రోడ్డు వెడల్పు చేసేవాళ్లు గుండుగొలను దగ్గర తవ్వి కేబుల్ తెంపేశారని అత్త పక్కింటివాళ్ల సెల్లులోంచి చెప్పింది. అందుకని ఈ ఉత్తరం. ఎటూ మీకు ఫోను మాట మీద నమ్మకం లేదు. ఉత్తరమైతే బీరువాలో ఉంటుందంటారు.

మే నెలలో నేను సెలవు మీద వచ్చినప్పుడు భీమడోలు నెట్ సెంటర్‌లో మీకు ఆర్కుట్ అకౌంట్ తెరిచాం కదా, అది ఎలా వాడాలో వేరే కాగితం మీద రాసి జతచేశాను. బెంజమిన్ మావయ్య అందులో తప్పకుండా దొరుకుతాడని నేను హామీ ఇవ్వలేను. కానీ మా నర్సుల హాస్టల్లో ఒకమ్మాయికి ఐదో తరగతిలో కలిసి చదువుకున్నవాళ్లంతా దొరికారు. ఇరవై రెండేళ్లుగా కనపడని మీ తమ్ముడు దొరకకూడదని ఏముంది?

పేరు కొట్టి వెతకండి. మనిషి దొరికితే అతని స్క్రాప్‌బుక్ తెరిచి స్క్రాప్ రాయండి. స్క్రాప్ అంటే కంగారు పడకండి, ఉత్తరం లాంటిదే. రాసిన క్షణంలో చేరుతుంది, అంతే తేడా.

ఒక మాట. అమ్మ బతికుంటే ఈ పని చేయనిచ్చేది కాదు. చిన్న మావయ్య పేరెత్తితే చాలు, లేచి వంటింట్లోకి వెళ్లిపోయేది. గుడి హార్మోనియం పాడుచేశాడని, చర్చి సంఘం శిక్ష వేస్తే ఊరొదిలి పోయాడని, ఆ గొడవ గురించి అంతవరకే నాకు తెలుసు. అమ్మ పోయిన మూడేళ్లకి మీరే ‘వాణ్ణి వెతుకమ్మా’ అంటే ఆశ్చర్యంగా ఉంది, సంతోషంగానూ ఉంది. ఎందుకని అడగను.

అత్తకు నా వందనాలు చెప్పండి.

నిస్సీ

గుండుగొలను,
17 జూన్ 2007.

చిరంజీవి నిస్సీకి, మావయ్య కోపంగానే ఆశీర్వదించి రాసేది.

నీ ఆర్కుట్ అంత పనికిమాలిన దరఖాస్తు నేను ఇంతవరకు చూడలేదు. ముప్పై మూడేళ్లు మాస్టరుగా పనిచేసి, అందులో ఇరవై రెండేళ్లు హెడ్మాస్టరు కుర్చీలో కూర్చుని లెక్కలేనన్ని ఫారాలు నింపాను. ఏ ఫారమూ నన్ను ఒంటి తీరు ఎలా ఉంటుందని అడగలేదు. ఇది అడిగింది. పొగ తాగుతావా, మందు తాగుతావా, చివరికి నీ పడకగదిలో ఏమేమి ఉంటాయి అని కూడా అడిగింది. గడి ఖాళీగా వదిలితే దరఖాస్తు తిరిగొస్తుందని పిల్లలకు చెప్పినవాణ్ణి, నేనెలా వదులుతాను? అన్నీ నిజమే రాశాను. పడకగదిలో నవారు మంచం, రెండు ధాన్యం బస్తాలు, మీ అత్త ట్రంకుపెట్టె ఉన్నాయని రాశాను.

నెట్ సెంటర్ అబ్బులు నా దగ్గర చదివినవాడే. పదమూడో ఎక్కం ఇప్పటికీ రాదు. నేను తెలుగులో చెబుతుంటే వాడు ఇంగ్లీషు అక్షరాల్లో కొడతాడు. అది చదవబోతే నాకే నోరు తిరగడం లేదు.

నన్ను స్నేహితుడిగా చేర్చుకోండని రోజూ ఎవరో ఒకరు అడుగుతున్నారు. గుమ్మం ముందుకొచ్చి పిలిచినవాణ్ణి పొమ్మనడం మన ఇంటా వంటా లేదు. అరవై ఒక్కమందిని ఒప్పుకున్నాను. అందరికీ క్షేమసమాచారాలు అడుగుతూ విడివిడిగా రాశాను. తిరిగి రాసినవాడు ఒక్కడు. ‘హాయ్ డ్యూడ్’ అన్నాడు. నాకు యాభై ఎనిమిదేళ్లని వాడికి తెలియజేశాను.

ఇక అసలు సంగతి. బెంజమిన్ అని కొడితే కుప్పలుగా తేలారు. ఒక్కడికి ఇంటిపేరు లేదు, తండ్రిపేరు లేదు. ఒకడు తన పేరు ముందు ప్రిన్స్ అని తగిలించుకున్నాడు. ఒకడి ముఖం ఉండాల్సిన చోట గులాబీ పువ్వు, ఇంకొకడికి కుక్కపిల్ల. ఇలాంటి హాజరుపట్టీ నా బడిలో కనిపిస్తే రాసిన మాస్టర్ని నిలబెట్టి కడిగేసేవాణ్ణి. అబ్బులూ నేనూ మూడు రోజులు కూర్చుని మన తెలుగువాళ్లనిపించిన వాళ్లను ఏరితే నలభై ముగ్గురు మిగిలారు. అందులో మనవాడు ఎవడో దేవుడికే తెలియాలి. ఏం చెయ్యమంటావు?

మీ అత్త సలోమి నీకు ఆవకాయ పంపుతానంటోంది. సీసా పగలకుండా ఎలా పంపాలన్నదే తెలియడం లేదట.

మీ మావయ్య
కొండేటి జీవరత్నం

విశాఖపట్నం,
24 జూన్ 2007.

మావయ్యా, వందనాలు. కోప్పడనంటే ఒక మాట. మీ పేజీ చదివి హాస్టలంతా పొట్ట చేత్తో పట్టుకుని నవ్వాం.

ముందు ఆ పడకగది తీయించేయండి. అది ప్రపంచంలో ఎవరైనా చూస్తారు. దానికంటే అర్జంటు, మీరు దేనికోసం చేరారని అడిగిన చోట స్నేహం, వ్యాపారం, డేటింగ్ అన్నింటికీ టిక్కులు పెట్టారు. డేటింగ్ అంటే ఏమిటో అబ్బులుని అడగండి, ఉత్తరంలో నేను రాయలేను. సంఘపెద్దలు చూశారంటే మీ కొంప మునుగుతుంది.

అడిగినవాళ్లందరినీ చేర్చుకోనక్కర్లేదు. అది మన గుమ్మం కాదు, సంత. ఆ నలభై ముగ్గురికి తొందరపడి ఏమీ రాయకండి. వచ్చే వారం నాకు రెండు రోజులు డ్యూటీ లేదు. వాళ్ల స్నేహితులెవరో, వయసెంతో చూసి నేనే వడపోస్తాను. అంతవరకూ ఆగండి మావయ్యా, దయచేసి.

ఆవకాయ స్టీలు డబ్బాలో పంపమనండి.

నిస్సీ

గుండుగొలను,
26 జూన్ 2007.

చిరంజీవి నిస్సీకి, చాలా రోజుల తర్వాత మనసు కుదుటపడి మావయ్య రాసేది.

నీ జవాబు ఇంకా అందలేదు. అందేలోపే నాకే ఉపాయం తట్టింది. డీఈఓ ఆఫీసు నుంచి అన్ని బళ్లకీ ఒకటే సర్క్యులర్ రాదూ? ఎవరికి సంబంధించిందో వాళ్లు పాటిస్తారు, తక్కినవాళ్లు ఫైలులో పెట్టుకుంటారు. నేనూ అలాగే ఒక ఉత్తరం తయారుచేసి, నలభై ముగ్గురు బెంజమిన్‌లకూ పంపించాను. అబ్బులు ఒకసారి కొట్టి, నలభై మూడుసార్లు అంటించాడు. సాయంత్రమైంది.

అందులో ఏముందని నన్ను అడగవద్దు. అది అన్నదమ్ముల మధ్య సంగతి. మీ అత్తకు తెలియదు. మీ అమ్మకూ చెప్పలేదు. వాడొక్కడికే తెలియాలి. రిటైరయ్యాక గుండె మీద బరువు మరీ ఎక్కువైంది, అందుకే రాశాను. అబ్బులు టైపు చేశాడు కదా అంటావేమో. వాడు చేతులతో కొడతాడు గానీ ఏదీ చదవడు, చిన్నప్పట్నించీ అంతే.

తక్కిన నలభై ఇద్దరి సంగతి కూడా ఆలోచించాను. ఉత్తరం తమది కాదని తెలియగానే మడిచి పక్కన పెడతారు. మర్యాద తెలిసినవాడెవడూ పరాయి ఉత్తరం చదవడు.

మొన్న మంచి వాన పడింది. రోడ్డు పనివాళ్ల గోతులన్నీ నిండి, మన వీధి కొల్లేరులో కలిసిపోయింది.

మీ మావయ్య
జీవరత్నం

విశాఖపట్నం,
2 జూలై 2007.

మావయ్యకు.

మీరు అడగొద్దన్న ఉత్తరం నేను చదివేశాను. మీరు నాకు పంపలేదు, ఎవరూ చూపించలేదు, నేనేమీ దొంగతనం చేయలేదు. ఆ గులాబీ పువ్వు బెంజమిన్ పేజీ తెరిస్తే ఎదురుగా ఉంది. కుక్కపిల్ల పేజీలోనూ ఉంది. ఎవరి స్క్రాప్‌బుక్ అయినా ఎవరైనా తెరిచి చదవొచ్చు మావయ్యా. అది ఉత్తరం కాదు, గోడకి అంటించిన కాగితం. మీరు నలభై మూడు గోడలకి అంటించారు, కింద మీ పేరు, ఊరు, రిటైర్డ్ హెడ్మాస్టర్ అని కూడా వేయించారు.

ఉత్తరం లాంటిదే అని మీకు చెప్పింది నేనే. ఆ తప్పు నాదే, కాదనను. కానీ మీరు రాసినదాని పక్కన పెడితే నా తప్పు ఆవగింజంత.

‘తమ్ముడు బెంజమిన్‌కు. హార్మోనియం భీమడోలు నాటకం వాళ్లకు ఇచ్చింది నేను. తిరిగొచ్చేటప్పుడు బండి కాలవలో బోల్తాపడి అది నానిపోయింది. వాయించేవాడివి నువ్వు కాబట్టి అందరూ నిన్నే అన్నారు. నా హెడ్మాస్టరు ఆర్డరు అప్పుడు బడి నడిపే గుడి కమిటీ చేతిలో ఉంది. అందుకని నోరు విప్పలేదు. నువ్వు చేయని తప్పుకి సంఘం ముందు మోకరించావు. నన్ను క్షమించు.’

పదిసార్లు చదివాను. ఇంగ్లీషు అక్షరాల్లో ఉంది కాబట్టి నేనే తప్పు చదివానేమో అని ఆశపడ్డాను.

చిన్న మావయ్య ఖరగ్‌పూర్ నుంచి మొదటి రెండేళ్లలో అమ్మకు ఏడు ఉత్తరాలు రాశాడు. ఒక్కటీ విప్పలేదు, ఏడూ తిప్పి పంపింది. ‘దేవుడి సొత్తు పాడుచేసి, మోకరించి కూడా తప్పు నాది కాదన్నవాడు నాకు తమ్ముడు కాదు’ అంది. ఆ తర్వాత అతను రాయడం మానేశాడు, ఏమయ్యాడో ఎవరికీ తెలియకుండా పోయింది. ఆ కవర్లు తిప్పి పంపేటప్పుడు పోస్టులో వేసి వచ్చింది మీరు. చివరి నెలల్లో అమ్మే నాకు చెప్పింది. చేతిలో పట్టుకుని పోస్టాఫీసు దాకా నడిచారు కదా, దారిలో ఒక్కసారైనా వెనక్కి తిరగాలనిపించలేదా?

అమ్మ చివరి నెలల్లో మందులిచ్చింది నేను. తమ్ముడి మీద కోపంతోనే పోయింది. ఆ కోపం అతనికి చెందింది కాదు.

ఇట్లు,
రాజ్యం కూతురు నిస్సీ

గుండుగొలను,
16 జూలై 2007.

నిస్సీకి.

నిన్న ఆరాధన అయ్యాక కమిటీ కార్యదర్శి ప్రసాదరావుగారు నన్ను పక్కకు పిలిచి జేబులోంచి కాగితం తీశారు. ఏలూరులో చదువుకుంటున్న వాళ్లబ్బాయి ప్రింటు తీసి పంపాడట. ‘ఇది మీరు రాసిందేనాండీ మాస్టారూ?’ అన్నారు. నేను అవునూ అనలేదు, కాదూ అనలేదు. అప్పటికే దానికి నాలుగు జిరాక్సులు తిరుగుతున్నాయి. ఆడవాళ్ల వైపు గుసగుసలు నాకు వినిపించాయి. మీ అత్తకు రూతమ్మగారు గుడి మెట్ల మీదే చదివి వినిపించింది. సలోమి నిన్నటినుంచి కంచం పెట్టి వెళ్లిపోతుంది. కూరలో ఉప్పు లేదు, అడిగే ముఖం నాకు లేదు.

ఉత్తరం లాంటిదే అన్నావు. ఉత్తరం అంటే ఏమిటో నీకు తెలుసా? కవరులో పెట్టి, జిగురు రాసి, అంటించేది. జిగురు లేనిదాన్ని ఉత్తరం అనకూడదని ఇంత చదువుకున్నదానివి నీకు తెలియదా? మీ తరానికి తలుపు వేసుకోవడం రాదు. పడకగది మొదలుకుని పశ్చాత్తాపం దాకా అన్నీ నడివీధిలో పెడతారు. అందులోకి నన్ను లాగావు. ఇంట్లో కూడా గట్టిగా నోరు తెరవనివాణ్ణి, పుట్టి ఇంతవాణ్ణయ్యాక ఊరి నోట్లో పడ్డాను.

ఉదయమే అబ్బులు దగ్గరికి వెళ్లి అకౌంటు మొత్తం తీసేయించాను. పీడ వదిలింది.

మీ అమ్మ గురించి రాశావు. ఆ ఏడు కవర్లూ నేనే పోస్టు చేశాను. ఏడోసారి పెట్టె దగ్గర చాలాసేపు నిలబడ్డాను. నిలబడి ఏం లాభం, వేసే వచ్చాను. అంతకంటే చెప్పడానికి నా దగ్గర ఏమీ లేదు.

జీవరత్నం

విశాఖపట్నం,
23 జూలై 2007.

మావయ్యకు వందనాలు.

అకౌంటు తీసేశారా! జుట్టు పీక్కోవాలనిపిస్తోంది. ప్రింట్లు తీసుకున్నవాళ్ల దగ్గర ప్రింట్లు అలాగే ఉన్నాయి. పోయింది ఒక్కటే, చిన్న మావయ్య జవాబు రాస్తే వచ్చి చేరాల్సిన చోటు. ఎలకలున్నాయని ఇల్లు తగలబెట్టుకున్నట్టుంది మీ పని.

మీరు తీసేయకముందు మీకొచ్చిన జవాబులు నేను చూశాను. కాకినాడ బెంజమిన్ ఒకాయన, ‘నేను మీ తమ్ముణ్ణి కాదండి. మా అన్నయ్య నాకు ఇలా ఒక్క ముక్క రాసినా బాగుండేది’ అని రాశాడు. ఇంకో ముగ్గురు మిమ్మల్ని బూతులు తిట్టారు. ఒకడు సెల్‌ఫోన్లు అమ్ముతానన్నాడు.

ఇప్పుడు కూర్చుని చదవండి. చిన్న మావయ్య దొరికాడు.

ఆ నలభై ముగ్గురిలో అతను లేడు. అతను కంప్యూటర్ ముట్టుకోనే లేదట. ఏలూరు కాలేజీలో చదివే ఒక బెంజమిన్, ఇరవై ఏళ్ల కుర్రాడు, తన క్లాసులో కొండేటివాళ్ల అమ్మాయి ఉందని గుర్తొచ్చి ఆ స్క్రాప్ ఆమెకు చూపించాడు. ఆ అమ్మాయి పేరు ప్రీతి. చిన్న మావయ్య కూతురు. మీ స్నేహితుల జాబితాలో నా పేరు చూసి నాకు రాసింది.

ఖరగ్‌పూర్ వదిలేసి, వాళ్లమ్మగారి ఊరు ముదినేపల్లి వచ్చి ఆరేళ్లయిందట. పొలం మోటార్లకు వైండింగ్ చేసే షాపు ఉంది. ముదినేపల్లి, మావయ్యా! నేను ప్రపంచమంతా వెతికించాను, అతను కొల్లేటికి అవతల ఉన్నాడు. బస్సెక్కితే మధ్యాహ్నం భోజనానికి చేరుకోవచ్చు.

ప్రీతి ఆ కాగితం తీసుకెళ్లి ఆయనకు చదివి వినిపించింది. చివరిదాకా విన్నాడట. చేతులు తుడుచుకుని, ‘ముక్కూ ముఖం తెలియని నలభై మందికి చెప్పాడు గానీ, నేను మోకరించిన చోట నిలబడి చెప్పలేదే’ అన్నాడట.

అడ్రసు వెనక రాశాను. దయచేసి ఉత్తరం రాయకండి. వెళ్లండి.

నిస్సీ

గుండుగొలను,
30 జూలై 2007.

నిస్సీకి మావయ్య రాసేది.

ఇంకేం కావాలట వాడికి? సంఘానికి తెలిసింది, ఊరికి తెలిసింది, రోడ్డు పనివాళ్లకు కూడా తెలిసింది. నా దగ్గర చదివినవాళ్లు నన్ను చూసి సైకిలు పక్క వీధికి తిప్పుతున్నారు. ఇంత పరువు పోయాక మళ్లీ గుడిలో నిలబడి కొత్తగా పోగొట్టుకునేది ఏముంది? పోయినదాన్నే రెండోసారి పోగొట్టుకోమంటాడు.

వెళతాను. వెళ్లి ఈ మాటే వాడి ముఖం మీద చెప్పి వస్తాను.

జీవరత్నం

గుండుగొలను,
13 ఆగస్టు 2007.

అమ్మా నిస్సీ, మీ మావయ్య రాసేది.

శుక్రవారం ముదినేపల్లి వెళ్లాను. ఏలూరులో కైకలూరు బస్సెక్కాను. కొల్లేరు నిండుగా ఉంది, రోడ్డుకి రెండు వైపులా నీళ్లే. పోయినేడు గట్లు కొట్టేసిన చేపల చెరువులు నీళ్లలో ఆనవాలు కూడా తెలియడం లేదు. దారి పొడుగునా ఏం మాట్లాడాలో వరస పెట్టుకున్నాను. స్కూలు వార్షికోత్సవానికి కూడా అంత తయారవలేదు.

వాడు షాపులో నేల మీద కూర్చుని మోటారుకి రాగి తీగ చుడుతున్నాడు. జుట్టు నాకంటే ఎక్కువ నెరిసింది. నన్ను చూశాడు. లేవలేదు. చుట్టు పూర్తయ్యాక తలెత్తి, ‘కూర్చోండి’ అని స్టూలు చూపించాడు. చిన్నప్పుడు నన్ను నువ్వు అనేవాడు.

నేను వరస పెట్టుకున్నది మొదలుపెట్టాను. హార్మోనియం ఇచ్చింది నేనేరా అన్నాను. మధ్యలోనే ఆపాడు.

‘అది నాకు అప్పుడే తెలుసండి. బండికెత్తేటప్పుడు చూశాను.’

అమ్మాయీ, నేను నలభై ముగ్గురికి రాసిన రహస్యం వాడికి ఇరవై రెండేళ్లుగా తెలుసు. తెలిసి కూడా సంఘం ముందు నా పేరు చెప్పలేదు. నేను కాదండీ అన్నాడే గానీ, మరెవరు అంటే నోరు విప్పలేదు. మరి ఎందుకు చెప్పలేదురా అని అడిగాను.

‘మీ ఉద్యోగం పోతుందని. మీరే చెబుతారని కూడా అనుకున్నాను. మోకరించి ఉన్నంతసేపూ మీరు లేస్తారేమోనని మీ వైపే చూశానండి. మీరు పాటల పుస్తకంలో పేజీలు తిప్పుతున్నారు.’

నిజమే. తిప్పాను. అప్పుడు పాట లేదు, వాక్యం లేదు, వెతకడానికి ఏ పేజీ లేదు. వాడి ముఖం చూడలేక తిప్పాను.

ముఖం మీద చెప్పి వస్తానన్న మాట నోట్లోనే ఉండిపోయింది. కాసేపటికి వాడే, ‘అక్కకు తెలిసిందాండీ?’ అని అడిగాడు. తెలియకుండానే పోయిందిరా అన్నాను. తీగ కింద పెట్టి లోపలికి వెళ్లిపోయాడు. వాడి భార్య వచ్చి ఆకు వేసి అన్నం పెట్టింది. వాడు మళ్లీ బయటికి రాలేదు. నేను తినలేకపోయాను, తినకపోతే ఆమె బాధపడుతుందని తిన్నాను. బస్సు దాకా ప్రీతి వచ్చింది. నవ్వితే అచ్చం మీ అమ్మే.

నిన్న పాస్టరు అయ్యగారిని కలిసి, సంఘం ఎదుట నిలబడి ఒప్పుకుంటానని అడిగాను. ‘అందరికీ తెలిసిపోయింది కదండీ మాస్టారూ, ఈ వయసులో మళ్లీ ఎందుకండీ’ అన్నారు. ప్రసాదరావుగారు కూడా, వదిలేయండి అంటున్నారు. పోయిన నెల ఈ మాటే నేను నీకు రాశాను. వాళ్ల నోట వింటుంటే నాకు సిగ్గేసింది. అది వాళ్లకు తెలిసిపోయింది, అంతే. నేను చెప్పలేదు.

సెప్టెంబరు రెండో తేదీ ఆదివారం ప్రభు భోజన సంస్కారం ఉంది. బల్ల దగ్గరికి వెళ్లేముందు లేచి నిలబడతాను, అయ్యగారు కూర్చోమన్నా కూర్చోను. మీ అత్తకు చెప్పాను. నా తెల్ల చొక్కా తీసి గంజి పెట్టింది. బెంజమిన్‌కు ప్రీతి చేత కబురు పంపాను. రమ్మని అడిగే హక్కు నాకు లేదు, ఫలానా రోజున అని మాత్రం చెప్పించాను.

నువ్వు మాత్రం సెలవు పెట్టి రా. ఆడవాళ్ల వైపు రెండో వరసలో కిటికీ పక్కన మీ అమ్మ కూర్చునే చోటు నీకు తెలుసు. అక్కడ కూర్చో. రాజ్యానికి చెప్పాల్సిన మాట నీ ముఖం చూసి చెబుతాను.

మావయ్య